శ్రీరామ నుంచి ఇట్లు దాకా: ఉత్తరాల మొదలూ చివరా విశేషాలు

తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది? ఉత్తరం. తెలుగు పిల్లలు తరతరాలుగా విప్పుతున్న పొడుపుకథ ఇది. పిట్టకు తోక లేకపోయినా ఉత్తరానికి మాత్రం మొదలూ చివరా ఎప్పుడూ పద్ధతి ప్రకారమే ఉండేవి. మధ్యలో రాసే సంగతులు, అంటే పంట ధర, పరీక్ష ఫీజు, పెళ్లిచూపులు, నెల తిరిగేసరికి పాతబడిపోతాయి. రాసినవాళ్లకూ అందుకున్నవాళ్లకూ ఉన్న వరస ఏమిటో పై వాక్యమూ కింది సంతకమూ ఎన్నేళ్లకైనా చెబుతాయి. ఆ రెండు చోట్ల మనుషులు ఏమేం రాశారో, ఎందుకు రాశారో చూద్దాం.

మొదటి మాట చదివిపెట్టేవాడికి

మెసపొటేమియాలో మట్టి పలకల మీద రాసిన ఉత్తరాలు దాదాపు ఒకే తీరున మొదలవుతాయి: ఫలానావాడికి చెప్పు, ఫలానావాడు ఇలా అంటున్నాడు. ఆ ‘చెప్పు’ అన్నది ఉత్తరం అందుకునే ఆసామికి కాదు, దాన్ని పైకి చదివి వినిపించే మనిషికి. చదవడం వచ్చినవాళ్లు అరుదైన కాలమది. ఊర్ నగరంలో దొరికిన ఒక పలకలో, నాసిరకం రాగి అంటగట్టాడంటూ నన్నీ అనే కొనుగోలుదారు ఏయా-నాసిర్ అనే వ్యాపారిని దులిపేస్తాడు. క్రీ.పూ. 1750 ప్రాంతానికి చెందిన ఆ ఫిర్యాదు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంత కోపంలోనూ నన్నీ పద్ధతి తప్పలేదు, ఏయా-నాసిర్‌కు చెప్పు అనే మొదలుపెట్టాడు. మన ఊళ్లలో పోస్టుమ్యాన్ అరుగు మీద కూర్చుని ఉత్తరం చదివిపెట్టిన రోజులు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

గుర్రాలు కులాసాయేనా?

1887లో ఈజిప్టులోని అమర్నా దగ్గర బయటపడిన మట్టి పలకల్లో క్రీ.పూ. 14వ శతాబ్దపు రాజుల ఉత్తరాలున్నాయి. మిటాన్నీ రాజు తుష్రత్త ఈజిప్టు ఫరోకు రాసేటప్పుడు ముందు తాను కులాసా అంటాడు. తర్వాత మీరు, మీ ఇల్లు, మీ భార్యలు, కొడుకులు, మీ గుర్రాలు, రథాలు, మీ దేశం అంతా బాగుండాలని వరసగా కోరతాడు. సాటి రాజులు ఒకరినొకరు ‘సోదరా’ అని పిలుచుకునేవారు. చిన్న సామంతులకు ఆ వీలు లేదు. ప్రభువు పాదాల మీద ఏడుసార్లు, మళ్లీ ఏడుసార్లు పడుతున్నానని రాశాకే వాళ్లు అసలు సంగతిలోకి వెళ్లాలి.

రోమన్ల ఉభయకుశలోపరి

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం మనదే అనుకుంటాం. పాత రోమన్లు ఉత్తరం మొదట్లోనే దాదాపు ఇదే మాట రాసేవారు: నువ్వు బాగుంటే మంచిదే, నేను బాగున్నాను. అందరికీ తెలిసిన వాక్యం కనుక పొడి అక్షరాల్లో కుదించి వదిలేసేవారు కూడా. క్రీ.శ. మొదటి శతాబ్దపు తత్వవేత్త సెనెకా ఈ ఆచారాన్ని తలచుకుని, దానికి బదులు ‘నువ్వు తత్వచింతన చేస్తుంటే మంచిదే’ అనడం సరైనదన్నాడు. మనసు బాగుంటేనే ఒంటి బాగుకు అర్థం ఉంటుందని ఆయన వాదన.

ఎవరి పేరు ముందు?

రోమన్ల ఉత్తరంలో రాసినవాడి పేరే ముందు వచ్చేది: సిసిరో అట్టికస్‌కు నమస్కారం చెబుతున్నాడు, అన్నట్టు. చుట్ట విప్పగానే ఎవరు రాశారో తెలిసిపోతుంది. మధ్యయుగాల ఐరోపాలో ఉత్తరం రాయడమే ఒక విద్య అయింది. ఇటలీలోని బొలోన్యా దానికి పెద్ద కేంద్రం. సంబోధన, మనసు గెలుచుకునే మాట, విషయం, విన్నపం, ముగింపు అని ఉత్తరాన్ని ఐదు భాగాలు చేసి నేర్పేవారు. అందుకునేవాడు పెద్దవాడైతే అతని పేరు ముందు రాయాలి, చిన్నవాడైతే తన పేరు ముందు పెట్టుకోవచ్చు. ఈ ఒక్క అంశం మీదే పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉండేవి.

శత్రువుకు నాలుగు శ్రీలు

పేరు ముందు ఎన్ని ‘శ్రీ’లు పెట్టాలో మన దేశంలో లెక్క ఉండేది. వరరుచి పేరిట ప్రచారంలో ఉన్న ‘పత్రకౌముది’ ప్రకారం గురువుకు ఆరు, యజమానికి ఐదు, శత్రువుకు నాలుగు, మిత్రుడికి మూడు, సేవకుడికి రెండు, కొడుక్కీ భార్యకూ ఒక్కొక్కటి. మిత్రుడి కంటే శత్రువుకు ఒక శ్రీ ఎక్కువే పడింది. దగ్గరివాళ్ల దగ్గర మర్యాద కాస్త తగ్గినా సర్దుకుపోతుంది, పగవాడి దగ్గర మాత్రం ఒక్క అక్షరం తగ్గినా గొడవే.

కౌటిల్యుడి ‘ఇతి’

అర్థశాస్త్రం రెండో అధికరణంలో రాజలేఖల కోసమే ఒక అధ్యాయం ఉంది. రాజుకు రాసేటప్పుడు ఆయన దేశం, ఐశ్వర్యం, వంశం, పేరు ప్రస్తావించాలి. ఇతరులకైతే దేశమూ పేరూ చాలు. వరస తప్పని విషయం, పొందిక, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత మంచి లేఖకు ఉండాల్సిన ఆరు గుణాలు. అయిపోయిందని తెలియడానికి చివర ‘ఇతి’ అని రాయాలి. మిగతాది తెచ్చినవాడు నోటితో చెబుతాడని సూచించే ముగింపు కూడా ఒకటుంది. గుట్టు కాగితం మీద పెట్టకూడదన్న జాగ్రత్త ఆ కాలంలోనే కనిపిస్తుంది.

కాగితం నెత్తిన దేవుడు

తెలుగువాళ్లు కాగితం పైన నడిమధ్య ‘శ్రీరామ’ అనో ‘శ్రీ’ అనో ‘ఓం’ అనో రాసి గాని కలం కదిపేవారు కాదు. తమిళులు వినాయకుడి పేరిట ‘పిళ్లైయార్ సుళి’ అనే చిన్న మెలిక గీస్తారు. హైదరాబాదుతో సహా మన ఉపఖండంలో ఎందరో ముస్లింలు బిస్మిల్లాకు గుర్తుగా 786 అంకె వేస్తారు. అరబ్బీ అక్షరాలకున్న విలువలను కూడితే వచ్చే మొత్తం అది. పవిత్ర వాక్యం రాసిన కాగితం ఎక్కడైనా కింద పడితే అపచారమన్న వెరపుతో చాలామంది అంకెతో సరిపెట్టేవారు. ఆచారం పాటించే యూదులు దేవుడి సాయంతో అని అర్థమిచ్చే మూడు హీబ్రూ అక్షరాలు పై మూలన రాస్తారు. నమ్మకాలు వేరైనా అందరూ ఎంచుకున్న చోటు మాత్రం ఒక్కటే.

ఒక కార్డు ముక్క, దగ్గరగా

పాతకాలపు తెలుగు పోస్టుకార్డు ఒకటి చేతిలోకి తీసుకున్నామనుకోండి. పైన నడుమ శ్రీరామ. కుడివైపు ఊరిపేరు, తేదీ. తర్వాతి వరుసలో: ‘మ.రా.రా.శ్రీ మామయ్య గారికి మీ మేనల్లుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. విశేషములేమనగా...’ అక్కడి నుంచి విత్తనాల సంగతి, గేదె ఈనిన సంగతి, చెల్లెలి పరీక్షల సంగతి. చోటు అయిపోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి, వాక్యాలు అంచుల్లోకి ఎక్కుతాయి. చివర ‘అత్తయ్యకు నమస్కారములు, పిల్లలకు ఆశీస్సులు. వెంటనే జాబు వ్రాయగలరు. చిత్తగించవలెను. ఇట్లు, తమ విధేయుడు.’ తనకంటే చిన్నవాళ్లకైతే మొదలే మారిపోతుంది: ‘చి. అబ్బాయికి ఆశీర్వదించి వ్రాయునది.’ ఇంటి పెద్దకు ‘పూజ్యులైన’, వేదపండితుడికి ‘బ్రహ్మశ్రీ’. ఒక్క కార్డు రాస్తే చాలు, ఇంటిల్లిపాది వరసలూ పిల్లాడికి కంఠతా వచ్చేవి.

ఇంగ్లీషు కాగితాల్లో మహారాజరాజశ్రీ

మ.రా.రా.శ్రీ అంటే మహారాజరాజశ్రీ. మామూలు గుమాస్తాకూ రైతుకూ కూడా ఈ గౌరవం దక్కేది. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లీషు దస్త్రాల్లోకి కూడా ఇది ఎక్కింది. మనవాళ్ల పేర్ల ముందు ‘ఎం.ఆర్.ఆర్.వై.’ అనీ, తెలుగువారి పేర్ల చివర ‘గారు’ అనీ ప్రభుత్వమే అచ్చువేసేది. తెలుగు ఉత్తరాల తీరు తెలియకపోతే దొరలకు పని జరగదని సి.పి. బ్రౌన్‌కు బాగా తెలుసు. అందుకే 19వ శతాబ్ది నడుమ ఆయన ప్రచురించిన ‘తెలుగు రీడర్’ నిండా సొంత ఉత్తరాలు, వ్యాపారపు జాబులు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల లేఖలే.

ఆమెకు పిలుపు భర్తను బట్టి

ఈ మర్యాదల్లో ఒకటి మాత్రం పోవడమే మంచిదైంది. మగవాడికి పెళ్లి కాకపోయినా, భార్య పోయినా ‘మహారాజశ్రీ’యే. స్త్రీ విషయంలో అలా కాదు. ముత్తయిదువ అయితే ‘లక్ష్మీ సమానురాలైన’ లేదా ‘సౌభాగ్యవతి’. భర్త పోతే ‘గంగాభాగీరథీ సమానురాలైన’. మరాఠీలోనూ ‘సౌ.’, ‘గం.భా.’ అనే పొడి అక్షరాలు ఇదే పని చేశాయి. నదుల పేరు ఎంత పవిత్రమైనదైనా, ప్రతి ఉత్తరమూ ప్రతి శుభలేఖా ఆమెకు తన వైధవ్యాన్నే గుర్తుచేసేవి. ఇప్పుడు ఆ చోట ‘శ్రీమతి’ అనో ‘గారు’ అనో రాస్తున్నాం. ఎవరికి రాసినా పిలుపు ఆ మనిషికే చెందాలి.

చదవకుండానే తెలిసే కబురు

నాలుగు మూలలా పసుపు రాసి ఉంటే శుభలేఖ. అంచున నల్లరంగు కనిపిస్తే చావుకబురు. చాలా ఇళ్లలో అశుభలేఖను గుమ్మం బయటే చదివి, అక్కడే చింపేసేవారు, లోపల దాచేవారు కాదు. అక్షరం రాని అవ్వ కూడా కార్డు చూడగానే ఆనందించాలో గుండె దిటవు చేసుకోవాలో తెలుసుకునేది.

గాలిబ్ తెచ్చిన మార్పు

పారశీక సంప్రదాయంలో బిరుదులూ పొగడ్తలూ దాటి సంగతికి వచ్చేసరికే సగం కాగితం అయిపోయేది. మీర్జా గాలిబ్ (1797-1869) తన ఉర్దూ ఉత్తరాల్లో ఆ బరువంతా దించేశాడు. మియాఁ, భాయీ, సాహిబ్ అని పిలిచి నేరుగా మాటల్లోకి దిగేవాడు. ఒక్కోసారి పిలుపు కూడా ఉండదు. ఉత్తరాన్ని సంభాషణగా మార్చానని తానే చెప్పుకున్నాడు. ‘ఊదె హిందీ’ (1868), ‘ఉర్దూయె ముఅల్లా’ (1869) పేరిట వచ్చిన ఆ ఉత్తరాలు ఉర్దూ వచనానికి కొత్త దారి వేశాయి.

చివరి పంక్తి సొంత చేత్తో

ఉత్తర ఇంగ్లండులో, హేడ్రియన్ గోడకు దగ్గర్లోని రోమన్ల కోట విండొలాండాలో 1973 నుంచి పలచని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతున్నాయి. వాటిలో క్రీ.శ. 100 ప్రాంతానిది ఒకటి. క్లాడియా సెవెరా అనే ఆమె తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడినాను సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని పిలుస్తోంది. పిలుపంతా లేఖకుడి చక్కటి దస్తూరీ. కింద కుడి మూలన మాత్రం వేరే చేతిరాత, అంత నేర్పులేని అక్షరాలు. స్నేహితురాలి కోసం ఎదురుచూస్తానంటూ ప్రేమగా సెలవు తీసుకున్న ఆ ముగింపు సెవెరా స్వయంగా రాసుకుంది. ఒక స్త్రీ తన చేత్తో లాటిన్‌లో రాసిన అతి పాత రాతల్లో ఇది ఒకటి. క్రైస్తవ అపొస్తలుడు పౌలు కూడా లేఖలు చెప్పి రాయించి, చివరి శుభాకాంక్ష తన చేత్తో చేర్చేవాడు. ఉత్తరం తనదేననడానికి అదే గుర్తని ఒక లేఖలో చెప్పాడు కూడా. రోమీయులకు రాసిన లేఖలోనైతే, దాన్ని రాసిపెట్టిన తెర్తియు చివరి నమస్కారాల మధ్యలో తన పేరుతోనూ ఒకటి కలిపాడు.

రాజు చేవ్రాలు దేవుడి పేరు

విజయనగర రాజుల రాగిరేకు శాసనాలు సాధారణంగా సంస్కృతంలో, నందినాగరి లిపిలో ఉంటాయి. చివర మాత్రం పెద్ద తెలుగు-కన్నడ అక్షరాల్లో ‘శ్రీవిరూపాక్ష’ అని కనిపిస్తుంది. అదే రాజు చేవ్రాలు. ఆయన సొంత పేరు అక్కడ ఉండదు. రాజ్యం విరూపాక్షుడిది, తాము ఆయన తరఫున ఏలుతున్నాం అన్న భావన అది. తర్వాత వచ్చిన అరవీటి రాజుల రేకుల మీద ఆ చోట ‘శ్రీవేంకటేశ’ చేరింది.

ఇక్కడితో సరి

శివాజీ ఉత్తరాలకు పైన సంస్కృత రాజముద్ర ఉండేది. పాడ్యమి చంద్రరేఖలా ఈ ముద్ర పెరుగుతుందని దాని అర్థం. అడుగున మరో చిన్న ముద్ర, ‘మర్యాద ముద్ర’. మర్యాద అంటే ఇక్కడ హద్దు. ఆ ముద్ర కింద ఎవరు ఏమి చేర్చినా చెల్లదు. సంతకం కింద ఖాళీ వదలొద్దని ఇవాళ దస్తావేజు రాయించేటప్పుడు పెద్దలు చెప్పేదీ ఇదే.

సంతకంలో ఇంటిపేరు ఉండదు

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ ‘ఎలిజబెత్ ఆర్’ అని సంతకం చేసేవారు. ఆ చివరి అక్షరం రాణి అనే లాటిన్ మాటకు గుర్తు. కాంటర్బరీ ఆర్చిబిషప్పు తన పేరు తర్వాత ఇంటిపేరు బదులు పీఠం పేరును లాటిన్‌లో కుదించి రాస్తారు. క్రీ.శ. 590 నుంచి 604 దాకా పోపుగా ఉన్న మొదటి గ్రెగరీ తనను ‘దేవుడి సేవకులకు సేవకుడు’గా రాసుకున్నాడు. తర్వాతి పోపుల అధికార లేఖల్లో ఆ మాట స్థిరపడింది.

చేవ్రాలు రానివారికి

సంతకం రానివాళ్లు వేసే గుర్తును మన పల్లెల్లో ‘నిశానీ’ అంటారు. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కంకర ఒప్పందం మీద గుత్తేదారు చేత అరచేయి అంతా సిరాలో అద్ది ముద్ర వేయించాడు. సంతకం నాది కాదు అని తర్వాత మాట తప్పకుండా ఉండాలని ఆయన ఉద్దేశం. వేలిముద్రలను మనిషి గుర్తింపుకు వాడే పద్ధతికి అదొక ముఖ్యమైన తొలిమెట్టు.

చంపుకునే ముందు కూడా ‘విధేయుడు’

1804 జూన్‌లో అమెరికా ఉపాధ్యక్షుడు ఆరన్ బర్, మాజీ ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఘాటైన ఉత్తరాలు రాసుకున్నారు. పరువు తీశావు, వివరణ ఇవ్వు, ఇవ్వను అంటూ సాగిన ఆ జాబులన్నిటి చివరా ‘తమ విధేయ సేవకుడు’ అన్న మర్యాద తప్పలేదు. జులై 11న పిస్తోళ్లతో తలపడ్డారు. గాయపడిన హామిల్టన్ మర్నాడు కన్నుమూశాడు. రాతలో నిలిచిన మర్యాద మనసులోకి దిగకపోతే దాని వల్ల ఎవరికీ మేలు లేదు.

సేవకులం కాదన్నవాళ్లు

17వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన క్వేకర్లు ఇలాంటి ముగింపులను ఒప్పుకోలేదు. నేను మీ సేవకుణ్ని కానప్పుడు అలా రాయడం అబద్ధమే కదా అన్నారు. ఎంతటివాళ్లనైనా ‘మిత్రమా’ అనే పిలిచారు. ఫ్రెంచి విప్లవకాలంలో దొర, దొరసాని అన్న పిలుపులు పోయి ‘పౌరుడా’ వచ్చింది, ఉత్తరం చివర ‘వందనం, సోదరభావం’ అని రాశారు. మన దగ్గర ‘కామ్రేడ్’, ‘విప్లవాభినందనలతో’, ‘జై హింద్’, ‘జై భీమ్’ కూడా ఆ కోవలోవే. సమాజాన్ని మార్చాలనుకున్నవాళ్లు ఉత్తరంలో పిలుపునూ మార్చారు.

వైస్రాయికీ హిట్లర్‌కూ ఒకే పిలుపు

1930 మార్చి 2న, ఉప్పు సత్యాగ్రహానికి ముందు, గాంధీజీ వైస్రాయి ఇర్విన్‌కు రాసిన లేఖ ‘ప్రియమిత్రమా’ అని మొదలవుతుంది. ఆ లేఖ పట్టుకెళ్లిన రెజినాల్డ్ రేనాల్డ్స్ ఒక క్వేకర్ యువకుడు. యుద్ధం రాకుండా చూడమని కోరుతూ 1939 జులై 23న వార్ధా నుంచి హిట్లర్‌కు రాసినప్పుడూ గాంధీజీ అదే పిలుపు వాడారు. ఆ లేఖ గమ్యం చేరలేదు. ఈ రెండు లేఖల్లోనూ ఎదుటివాడు ఎవరన్నది చూసి ఆయన తన పిలుపును మార్చుకోలేదు. ఆశ్రమవాసులకూ కార్యకర్తలకూ రాసిన ఉత్తరాల చివర ‘బాపూ ఆశీస్సులు’ ఉండేవి.

జపాన్‌లో ముందు వాతావరణం

జపాన్‌లో పద్ధతైన ఉత్తరం ‘హైకేయి’తో మొదలై ‘కేయిగు’తో ముగుస్తుంది. ఈ రెండూ జంటమాటలు. ఒకటి రాస్తే రెండోది రాయాల్సిందే. మొదటిదాని వెంటనే ఋతువు ప్రస్తావన రావాలి: చెర్రీ పూలు, వానలు, ఎండలు, రాలే ఆకులు. తొందరలో ఉంటే ‘జెన్రియాకు’ అంటారు, అంటే పైమాటలు వదిలేస్తున్నానని. దానికి జోడీ ముగింపు ‘సోసో’. పరామర్శ లేఖలో మాత్రం ఋతువు మాట ఎత్తకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర నేరుగా దుఃఖం మాటే మాట్లాడాలి.

ముగింపుకే ఒక వాక్యం

ఫ్రెంచి అధికారిక ఉత్తరం ‘ఇట్లు’తో ఆగదు. ‘అమ్మా, నా విశిష్టమైన భావాల అభివ్యక్తిని దయచేసి స్వీకరించండి’ అన్నంత వాక్యం ఉండాలి. మొదట్లో ఎలా పిలిచారో ఈ వాక్యంలోనూ అలాగే పిలవాలి. బ్రిటిష్ పద్ధతిలో పేరు తెలియని ‘సర్’కు ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరు రాస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. మన బడుల్లో సెలవుచీటీతో పాటు నేర్పిన నియమం ఇదే.

పావు అణా నుంచి 73 దాకా

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న పావు అణాకు వచ్చింది. చోటు తక్కువ, అందరి కళ్లా పడుతుంది కనుక సంబోధనలు కురచనయ్యాయి. టెలిగ్రాములో ప్రతి మాటకూ డబ్బు, కాబట్టి పిలుపే మాయమైంది. 2013 జులై 14తో మన దేశంలో ఆ సేవ ఆగిపోయింది. తంతి ఆపరేటర్లు అభినందనలకు 73, ప్రేమకు 88 అని అంకెలు కొట్టేవారు. హామ్ రేడియోవాళ్లు ఇప్పటికీ 73 చెప్పే సెలవు తీసుకుంటారు.

తా.క. బతికే ఉంది

సంతకం చేశాక గుర్తొచ్చిన మాటకు తెలుగులో ‘తా.క.’ అని పెట్టేవారు, తాజా కలం అని. సిరాతో రాసిన కాగితంలో వెనక్కి వెళ్లి మాట దూర్చడం కుదరదు కనుక అది అవసరమైంది. కంప్యూటర్లో ఎక్కడ కావాలంటే అక్కడ చేర్చవచ్చు. అయినా విరాళాలు కోరే సంస్థల ఉత్తరాల్లో తాజా కలం ఇప్పటికీ కనిపిస్తుంది. పాఠకుడి కన్ను ముందు అక్కడికే పోతుందని రాసేవాళ్లకు తెలుసు.

ఇప్పటి మాట

ఫోను సందేశానికి పైన పేరు దానంతటదే వస్తుంది, కింద సంతకం అవసరం లేదు. పని జరిగిపోతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ పేరూ సంతకమూ యంత్రమే పెట్టేస్తున్నప్పుడు, మనకై మనం రాసే పిలుపుకు ఇంకా విలువ పెరిగింది. అమ్మమ్మకు పంపే సందేశానికి ముందు ‘అమ్మమ్మా, ఎలా ఉన్నావు?’ అని, చివర ‘నీ మనవరాలు’ అని చేర్చడానికి అర నిమిషం పట్టదు. ఉద్యోగం ఇచ్చినవారికి, పాఠం చెప్పినవారికి, కష్టంలో ఆదుకున్నవారికి రాసేటప్పుడు వారికి తగిన పిలుపూ మనకు తగిన ముగింపూ వెతుక్కుందాం. ఈ ఆదివారం ఒక కార్డు ముక్క కొని, ఇంట్లో పిల్లల చేత వాళ్ల తాతయ్యకు ఒక ఉత్తరం రాయించండి. ‘నమస్కరించి వ్రాయునది’ దగ్గర మొదలుపెట్టి ‘ఇట్లు’ దాకా వాళ్లే రాస్తే, ఎవరికి తాము ఏమవుతారో చదివి కాకుండా, రాసి తెలుసుకుంటారు.